చిన్న హెలికాప్టర్‌కి పెట్రోల్ ట్యాంకు: చోటు తేలాకే రేకు కొనండి

తాడిపత్రి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ఒక్కరు కూర్చునే చిన్న హెలికాప్టర్ సొంతంగా కడుతున్నారు. రెండు రెక్కల రోటర్, రెండు స్ట్రోకుల రోటాక్స్ 582 ఇంజిన్. 20 లీటర్ల ట్యాంకు కావాలి. సీటు వెనక ఎడమ పక్కన ఖాళీ ఉంది, అక్కడ బిగించొచ్చా? పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్ ట్యాంకు సరిపోతుందా, ఫైబర్‌తో చేయించాలా, అల్యూమినియం అయితే ఎంత మందం? బంకు పెట్రోల్ పోయొచ్చా?

సూటిగా చెప్తాను. ఎడమ పక్కన వద్దు. ట్యాంకు మధ్యభాగం రోటర్ మాస్ట్‌కి, అంటే రోటర్‌ను మోసే నిలువు ఇరుసుకి, వీలైనంత దగ్గరగా, కుడి ఎడమలకు సమానంగా ఉండాలి. స్ప్రేయర్ ట్యాంకు వద్దు, పాలిస్టర్ ఫైబర్ అసలే వద్దు. 5052-హెచ్32 రకం అల్యూమినియం రేకు 1.6 మి.మీ. మందంలో తీసుకుని, లోపల అడ్డరేకు పెట్టి, టిగ్ వెల్డింగ్ చేయించండి. బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోల్ సంగతి మీ ఇంజిన్ మాన్యువల్‌లోని ఇథనాల్ పరిమితిని బట్టి తేలుతుంది. రోటాక్స్ 912 లాంటి నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌కే ఆ కంపెనీ 10 శాతం దాకా మాత్రమే ఒప్పుకుంటుంది. కాబట్టి 20 శాతం పోస్తే దానికి పూచీ మీదే.

ఇక కారణాలు.

చోటు ఎందుకు ముఖ్యం

రెండు రెక్కలు మధ్యలో కీలు మీద ఊగే రోటర్‌లో, హబ్ (రెక్కలు కలిసే నడిభాగం) దగ్గర బాడీని బలంగా పట్టి తిప్పే శక్తి ఉండదు. బాడీ మొత్తం ఆ హబ్ నుంచి గంటలా వేలాడుతుంది. బరువు కేంద్రం ఎటు జరిగితే బాడీ అటు వాలుతుంది. ఆ వాలును సరిచేయడానికి సైక్లిక్ కర్రను (మెషిన్‌ను ముందువెనకలకు, పక్కలకు వాల్చే కర్ర) పట్టి ఉంచాలి, అంటే మీ చేతిలో ఉన్న కదలికలో కొంత అక్కడే ఖర్చయిపోతుంది.

లెక్క వేసి చూడండి. ఖాళీ మెషిన్ 130 కిలోలు, మనిషి 75 కిలోలు, 20 లీటర్ల పెట్రోల్ సుమారు 15 కిలోలు. మొత్తం 220. ట్యాంకు మధ్యభాగం మాస్ట్ నుంచి 30 సెం.మీ. దూరంలో ఉంటే 15 × 30 = 450. దాన్ని 220తో భాగిస్తే 2 సెం.మీ. అంటే నిండు ట్యాంకుతో లేచి ఖాళీ ట్యాంకుతో దిగేసరికి బరువు కేంద్రం 2 సెం.మీ. జరుగుతుంది. హబ్ నుంచి బరువు కేంద్రం దాకా 120 సెం.మీ. ఉంటే బాడీ వాలు ఒక డిగ్రీ మారుతుంది. ట్యాంకును 60 సెం.మీ. వెనక్కి నెడితే ఆ మార్పు రెండు డిగ్రీలు.

రెండు డిగ్రీలే కదా అనిపిస్తుంది. అది ఎప్పుడు, ఎటు వస్తుందో చూడాలి. ట్యాంకు వెనక ఉంటే పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ ముక్కు కిందికి దిగుతుంది. సరిగ్గా దిగే వేళకు, వేగం తగ్గించడానికి కర్రను వెనక్కి లాగాల్సిన చోట, వెనక్కి లాగే దూరం తరిగిపోయి ఉంటుంది. మనిషి బరువు ఎక్కువైతే ఇంకా ఇబ్బంది. ముందు వైపు బరువు ఎక్కువుంది కదా అని ట్యాంకును వెనక పెట్టి సరిచేయడం చాలామంది చేసే పని. అది టేకాఫ్‌లో సరిపోయినట్టే ఉంటుంది, ల్యాండింగ్‌లో ఎదురు తిరుగుతుంది. ముందు బరువును సరిచేయాలంటే బ్యాటరీ లాంటి ఖర్చు కాని వస్తువును జరపండి. ఖర్చయ్యే బరువుతో తూకం వేయకండి.

పక్కకు పెట్టినా అదే లెక్క. ఎడమకు 25 సెం.మీ. జరిపితే బరువు కేంద్రం 1.7 సెం.మీ. పక్కకు పోతుంది. పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరిగే రోటర్ అయితే, తోక రోటర్ తోపు వల్ల హోవర్‌లో (గాల్లో ఒకేచోట నిలిచినప్పుడు) ఎడమ స్కిడ్, అంటే కింద ఆనే గొట్టపు కాలు, మామూలుగానే కొంచెం కిందికి ఉంటుంది. దానికి ఎడమ ట్యాంకు బరువు తోడైతే ముందు నేల తాకేది ఎడమ స్కిడ్డే. ఒక స్కిడ్ నేలకు పట్టుకుని మెషిన్ పక్కకు దొర్లిపోవడం చిన్న హెలికాప్టర్లలో పాత జబ్బు.

మాస్ట్ అడ్డొచ్చి మధ్యలో చోటు దొరకకపోతే, 10 లీటర్ల ట్యాంకులు రెండు, మాస్ట్‌కి చెరో పక్కన పెట్టండి. అడుగున 12 మి.మీ. లోవ్యాసం పైపుతో, పైన గాలి పైపుతో రెంటినీ కలపాలి. పై పైపు మరిచిపోతే ఒకటి ఖాళీ అయ్యి ఇంకొకటి నిండుగా మిగులుతుంది. ఇంజిన్‌కి పోయే పైపు ఏ ఒక్క ట్యాంకు నుంచీ కాకుండా రెంటికన్నా కింద ఉన్న టీ జాయింట్ నుంచి తీయాలి.

ఎంత పెట్రోల్

582 హెలికాప్టర్‌లో పెట్టినప్పుడు గంటకు 18 నుంచి 20 లీటర్లు తాగుతుంది. విమానంలో లాగా క్రూజ్‌లో థ్రాటిల్ తగ్గించుకునే వెసులుబాటు ఇక్కడ తక్కువ, హోవర్‌కి దాదాపు మొత్తం శక్తి కావాలి. కాబట్టి 20 లీటర్లంటే గంట కాదు. 5 లీటర్లు నిల్వ ఉంచుకుంటే ముప్పావు గంట. ఇంకో 10 లీటర్లు పెంచుదామా అని అడిగేవారికి అనంతపురం ఎండలో జవాబుంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల మధ్యాహ్నం గాలి పలచబడి, రోటర్‌కీ ఇంజిన్‌కీ అది దాదాపు 1400 మీటర్ల ఎత్తున ఎగురుతున్నట్టే. అక్కడ ఏడున్నర కిలోల అదనపు పెట్రోల్ అంటే హోవర్ దొరకడానికీ దొరకకపోవడానికీ మధ్య తేడా. అమెరికాలో అల్ట్రాలైట్ నిబంధన 5 గ్యాలన్లకు, అంటే 19 లీటర్లకు లోబడి ఉంటుంది. ఈ బరువు మెషిన్‌కి అది సరైన కొలతే.

రేకు, ఆకారం, వెల్డింగ్

20 లీటర్లు వాడుకోవాలంటే లోపలి కొలత 22 లీటర్లు ఉండాలి. పెట్రోల్ వేడికి వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల్లో పోసిన 20 లీటర్లు, ఎండలో ట్యాంకు 60 డిగ్రీలు పట్టేసరికి దాదాపు 700 మి.లీ. పెరుగుతుంది. పైన ఖాళీ లేకపోతే అది గాలి గొట్టంలోంచి కారి ఎక్కడ పడుతుందో ఆలోచించండి. అడుగున ఇంకో అర లీటరు ఎలాగూ వాడుకోలేరు.

వెడల్పు 40, ముందువెనకలు 22, ఎత్తు 25 సెం.మీ. పెట్టె తీసుకోండి, సరిగ్గా 22 లీటర్లు వస్తుంది. పోసే మెడను ట్యాంకు లోపలికి 1 సెం.మీ. దిగేలా వెల్డ్ చేయించండి. పెట్రోల్ ఆ మెడ అంచు తాకగానే మెడలో గబగబా పైకి లేస్తుంది, అక్కడ ఆపాలి. ఆ 1 సెం.మీ. ఎత్తులో మిగిలే ఖాళీ 880 మి.లీ., అంటే 4 శాతం. మన ఎండలకు అంత కావాలి.

1.6 మి.మీ. రేకుతో ఉత్త పెట్టె 2.1 కిలోలు, అడ్డరేకు, మెడ, బుడిపెలు కలిపితే 2.7 దాకా. 1.2 మి.మీ. అయితే అర కిలో కలిసొస్తుంది. కానీ ఆ మందాన్ని కాల్చకుండా అతికే చేయి మన ఊళ్ళలో అరుదు. 6061 రేకు గట్టిదని కొనకండి. అతుకు పక్కన దాని బలం సగానికి పడిపోతుంది, పగుళ్ళూ తొందరగా వస్తాయి. 5052 వంగుతుంది, అతుకు నిలుస్తుంది. ఫిల్లర్ రాడ్ 5356.

కర్నూలు, అనంతపురం, కడపల్లో స్టీలు రెయిలింగ్ చేసే ప్రతి షాపులోనూ టిగ్ మెషిన్ కనబడుతుంది. అందులో ఎక్కువ భాగం డీసీ మాత్రమే ఇచ్చేవి. అల్యూమినియం పైన ఉండే ఆక్సైడ్ పొర పగలాలంటే ఏసీ కావాలి. "ఏసీ-డీసీ టిగ్ ఉందా, అల్యూమినియం ట్యాంకు ఎప్పుడైనా చేశారా" అని ముందే అడగండి. లేకపోతే బెంగళూరు పోయి చేయించుకోవడం మేలు, అనంతపురం నుంచి నాలుగు గంటల దారి. గ్యాస్ మంటతో ఫ్లక్స్ వేసి అతికిస్తామంటే ఒప్పుకోకండి. లోపల మిగిలిన ఫ్లక్స్ తడి తగిలి రేకును తినేస్తుంది, కడగడానికి చేయి పోదు.

అతుకు మూలలో పడకూడదు. ఒకే రేకును లోపలి వంపు 3 మి.మీ. ఉండేలా మడిచి చుట్టు గోడ చేయాలి. రెండు మూతలకు 10 మి.మీ. అంచు మడిచి, ఆ అంచుల చివర కలిపి అతకాలి. అప్పుడు ఊగిసలాట భారం వంపు మీద పడుతుంది, అతుకు మీద కాదు.

అడ్డరేకు ఒకటి చాలు. 40 సెం.మీ. వెడల్పును రెండు 20లుగా చీల్చేలా మధ్యలో నిలబెట్టండి. కింది మూలలు 15 మి.మీ. కోసి పెట్రోల్‌కి దారి, పై మూలలు కోసి గాలికి దారి ఇవ్వాలి. మధ్యలో అంచు మడిచిన గుండ్రటి రంధ్రాలు, మొత్తం వైశాల్యంలో మూడో వంతు మించకుండా. దీన్ని చుట్టూ గీత గీసినట్టు అతికితే ఆ గీత చివరే మొదటి పగులు వస్తుంది. గోడలో 6 మి.మీ. రంధ్రాలు వేసి వాటిలోంచి అడ్డరేకు మడత మీదకు వెల్డ్ నింపడమే సరైన పద్ధతి. అడ్డరేకు పని పెట్రోల్ అలలను ఆపడం ఒక్కటే కాదు. పెద్ద గోడలు ఉబ్బకుండా ఎదురెదురుగా పట్టి ఉంచేదీ అదే.

అడుగున 12 సెం.మీ. వ్యాసం, 4 సెం.మీ. లోతు గిన్నె ఒకటి అతికించండి. ఇంజిన్‌కి పోయే దారి ఆ గిన్నె అడుగు నుంచి 1 సెం.మీ. పైన, నీళ్ళు వదిలే కుళాయి సరిగ్గా అడుగున. దారి మొదట్లో అంగుళానికి 8 నుంచి 16 కళ్ళున్న ఇత్తడి లేదా స్టీలు జల్లెడ తొడుగు ఉండాలి. ముక్కు 15 డిగ్రీలు దించి పోతున్నప్పుడు కూడా ఈ గిన్నెలో పెట్రోల్ ఉంటుంది. చదును అడుగున్న ట్యాంకులో పెట్రోల్ ఇంకా మిగిలి ఉన్నా పైపు గాలి పీలుస్తుంది.

స్ప్రేయర్ ట్యాంకు గురించి. 16 లీటర్లది చవక, తేలిక, వీపుకు తగిలించే వంపు కూడా సీటు వెనక సరిగ్గా కూర్చుంటుంది. అందుకే మనసు లాగుతుంది. కానీ దాని వాషర్లు, కుళాయి రబ్బరు నీళ్ళకూ మందులకూ చేసినవి, పెట్రోల్ తగిలితే ఉబ్బి ఊడతాయి. లోపల అడ్డు పెట్టలేరు. ప్లాస్టిక్ మీద పేరుకునే స్థిరవిద్యుత్తుకు దారి ఉండదు. ప్లాస్టిక్కే కావాలంటే పడవ ఇంజిన్లకు అమ్మే పెట్రోల్ ట్యాంకు చూడండి, దానికి పీల్చే పైపు, చేతి పంపు బుడగ కలిసే వస్తాయి. ఫైబర్ విషయానికొస్తే, బయట పడవలకు, నీళ్ళ ట్యాంకులకు వాడే పాలిస్టర్ రెసిన్‌ను ఇథనాల్ మెత్తబరుస్తుంది. కరిగిన జిగురు కార్బ్యురేటర్ జెట్‌లో చేరుతుంది. ఎం-సీల్, సిలికాన్ జిగురు కూడా పెట్రోల్ లోపల నిలవవు.

బిగింపు

ట్యాంకుకు చెవులు అతికించి ఫ్రేమ్‌కు నాలుగు బోల్టులు కొట్టడం సర్వసాధారణంగా జరిగే తప్పు. రోటర్ నిమిషానికి 540 చుట్లు తిరిగితే, రెండు రెక్కల వల్ల సెకనుకు 18 కుదుపులు. దానిపైన ఇంజిన్ వణుకు సెకనుకు వందకు పైనే. ఫ్రేమ్ మెలి తిరుగుతుంది, ట్యాంకు తిరగదు, తేడా అంతా చెవి అతుకు మీద పడుతుంది. అలా బిగించిన ట్యాంకులు పగిలేది చెవి చివరన, సన్నటి వెంట్రుక గీతగా. మొదట తడి కూడా కనబడదు. ఎండిన పెట్రోల్‌లోని ఆయిల్‌కి దుమ్ము అంటుకుని నల్లటి గీత ఒకటి కనబడుతుంది. నాపరాళ్ళ పాలిషింగ్ దుమ్ము ఉన్న తాడిపత్రిలో అయితే అది బూడిద రంగులో ఉంటుంది. తుడిచినా రెండో రోజు మళ్ళీ అదే చోట వస్తే అది మరక కాదు, పగులు.

సరైన పద్ధతి: కింద మూడు చోట్ల ఆనేలా ఊయల లాంటి చట్రం, పైన 25 మి.మీ. వెడల్పు, 0.8 మి.మీ. మందం స్టెయిన్‌లెస్ పట్టీలు రెండు. పట్టీకీ ట్యాంకుకీ మధ్య 3 మి.మీ. నైట్రైల్ రబ్బరు. ఉన్ని ఫెల్ట్ వద్దు, తడి పట్టి ఉంచి అల్యూమినియాన్ని తింటుంది. బలం లెక్క కూడా చూడండి. అమెరికా నిబంధనల్లో మనిషి వెనకుండే బరువును చిన్న హెలికాప్టర్లలో దాని బరువుకు 12 రెట్ల తోపు ముందుకు వచ్చినా పట్టి ఉంచాలి. నిండు ట్యాంకు 17.7 కిలోలు, 12 రెట్లంటే 212 కిలోలు. పట్టీలు తట్టుకుంటాయి, తేలిపోయేది పట్టీ చివర కొక్కెం, దాన్ని ఫ్రేమ్‌కు అతికిన చోటు. అక్కడ శ్రద్ధ పెట్టండి. అది ఊడితే ట్యాంకు వచ్చి పడేది మీ నడుము మీద.

సైలెన్సర్‌కీ ట్యాంకుకీ మధ్య 15 సెం.మీ. దూరం ఉంచి, మధ్యలో 0.4 మి.మీ. స్టెయిన్‌లెస్ రేకు అడ్డం పెట్టండి. ట్యాంకును ఇంజిన్‌కి నెత్తిన పెట్టి గురుత్వంతో పోనిద్దామని కొందరు చూస్తారు. 30 సెం.మీ. ఎత్తు ఇచ్చే ఒత్తిడి 0.3 పీఎస్ఐ మాత్రమే, దానితో ఆ కార్బ్యురేటర్లకు చాలదు, పంపు ఎలాగూ కావాలి. పైగా పడిపోతే పెట్రోల్ తిన్నగా ఎర్రగా కాలిన పైపు మీద పడుతుంది. పడిన దెబ్బ బతికించినా తర్వాత మంట చంపుతుంది. రాబిన్సన్ ఆర్44 లాంటి ఫ్యాక్టరీ హెలికాప్టర్లకే అల్యూమినియం ట్యాంకుల లోపల సాగే రబ్బరు సంచులు పెట్టాలని 2010లో కంపెనీ సర్వీస్ బులెటిన్ ఇచ్చింది, కారణం ఇదే. ఇంట్లో కట్టేవారికి ఆ సంచి సులభంగా దొరకదు. కాబట్టి కింద స్కిడ్ విరిగి పైకి పొడుచుకొచ్చే గొట్టాల దారిలో ట్యాంకు ఉండకుండా చూసుకోవడం మీ చేతిలో ఉన్న రక్షణ.

గాలి గొట్టం, పైపులు

మూత బిగించి గాలి రానివ్వని ట్యాంకు పెట్రోల్ ఇవ్వదు. 6 మి.మీ. లోవ్యాసం గొట్టం ట్యాంకు పై భాగం నుంచి మొదలై, ఒక చుట్టు పైకి లేచి, తర్వాత బాడీ కిందికి దిగి, సైలెన్సర్‌కి దూరంగా తెరుచుకోవాలి. ఆ పైకి లేచిన చుట్టు వల్ల నేల మీద వాలినా పెట్రోల్ ధారగా కారిపోదు. ట్యాంకు దొర్లితే మూసుకునే వాల్వు ఒకటి మధ్యలో పెడితే ఇంకా మంచిది. గొట్టం నోటికి సన్న స్టీలు జాలి తప్పనిసరి. నెల రోజులు షెడ్డులో ఉంటే చాలు, మట్టి గూడు పెట్టే కందిరీగ ఆ 6 మి.మీ. రంధ్రాన్ని వెతుక్కుని వస్తుంది.

పైపులకు కిరాణా కొట్టు పక్కన దొరికే పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు వద్దు. ఆరు నెలల్లో పసుపు పడి చెక్కలా గట్టిపడి, క్లిప్పు దగ్గర గాలి పీలుస్తుంది. ఇథనాల్ తట్టుకునే ఆర్9 రకం రబ్బరు పైపు, 8 మి.మీ. లోవ్యాసం. ట్రాక్టర్లకు వాడే రాగి పైపు కూడా వద్దు, వణుకుకు రాగి గట్టిపడి పెళుసై మెలిక దగ్గర విరుగుతుంది. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. చిరిగిన పోగు ఒకటి జెట్‌లో ఇరుక్కుంటే కనుక్కోవడానికి రోజులు పడుతుంది. పెట్రోల్‌కి తగిన పేస్టు వాడండి.

వరుస ఇలా ఉండాలి: జల్లెడ, చేతికందే మూసే కుళాయి, ఫిల్టర్, చేతి పంపు బుడగ, పల్స్ పంపు (ఇంజిన్ క్రాంక్‌కేస్‌లోని ఒత్తిడి కుదుపులతో కొట్టుకునేది), కార్బ్యురేటర్లు. పల్స్ పంపు ఇంజిన్ మీద కాకుండా చల్లటి చోట ఉండాలి. దాని పల్స్ గొట్టం గట్టిది, పొట్టిది, మధ్యలో ఎక్కడా కిందికి జారకుండా. జారిన చోట ఆయిల్ చేరి పంపు కొట్టుకోవడం బలహీనపడుతుంది.

పెట్రోల్ సంగతి

ఈ20లో అసలు ప్రమాదం రబ్బరు కరగడం కాదు, రబ్బరు మార్చుకోవచ్చు. నీళ్ళు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్ళూ ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిన్ దారి ఉన్నది అక్కడే. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో మీరు 50కి 1 చొప్పున, 20 లీటర్లకు 400 మి.లీ. కలిపిన ఆయిల్ మాత్రం పైన పెట్రోల్ పొరలోనే ఉండిపోతుంది. అంటే ఇంజిన్ ఆగడానికి ముందే ఆయిల్ లేని ద్రవం తాగి పిస్టన్ పట్టేస్తుంది.

మీకు దొరికిన పెట్రోల్‌లో ఇథనాల్ ఎంతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 100 మి.లీ. కొలగాజులో 20 దాకా నీళ్ళు, పైన 100 దాకా పెట్రోల్ పోయండి. మూసి బాగా కుదిపి పది నిమిషాలు ఆగండి. కింది పొర 20 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. 36 దరిదాపుల్లోకి లేస్తే అది ఈ20. పోసిన 80 మి.లీ.లో 16 నీళ్ళలోకి దిగిపోయిందన్నమాట. వర్షాకాలంలో వారం దాటి ట్యాంకులో పెట్రోల్ ఉంచకండి. విమానాలకు వాడే పెట్రోల్ ఏవిగ్యాస్ 100ఎల్ఎల్‌లో ఇథనాల్ ఉండదు, దానితో నడుపుతారు కూడా, అయితే అందులోని సీసం వల్ల ప్లగ్గుల మీద పొర తొందరగా పేరుకుంటుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో 30 లీటర్లకు మించి పెట్రోల్ నిల్వ చట్టం ఒప్పుకోదన్న సంగతీ గుర్తుంచుకోండి.

పెట్రోల్ పోయకముందే మెడకూ ఫ్రేముకూ మధ్య మల్టీమీటర్ పెడితే ఒక ఓమ్ లోపు చూపాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా మన పొడి గాలిలో స్థిరవిద్యుత్తు సులభంగా పేరుకుంటుంది. ముందు తీగతో క్యానునూ ఫ్రేమునూ కలిపి, తర్వాతే మూత తీయండి.

బిగించే ముందు పరీక్షలు

మొదటిది సుద్ద, కిరసనాయిల్. సుద్దపొడిని స్పిరిట్‌లో కలిపి అతుకుల బయట తెల్లగా పూయండి. గోడకు వేసే సున్నం పూయకండి, దాని క్షారం అల్యూమినియాన్ని తింటుంది. ట్యాంకులో ఒక లీటరు కిరసనాయిల్ పోసి ఒక్కో పక్కకు అరగంట వాల్చి ఉంచండి. సబ్బు నీళ్ళకు దొరకని సూది రంధ్రం దగ్గర కూడా తెలుపు మీద నూనె చుక్క నెమ్మదిగా విచ్చుకుంటుంది.

రెండోది ఒత్తిడి. లోహపు ట్యాంకులకు అమెరికా నిబంధన 3.5 పీఎస్ఐ. దీన్ని కంప్రెసర్‌తో చేయకండి. ఆ ఒత్తిడిలో 40 × 25 గోడ ఒక్కదాని మీదే దాదాపు పావు టన్ను తోపు ఉంటుంది, గాలితో అతుకు విడితే అది పేలుడే. ట్యాంకు నిండా నీళ్ళు నింపి, మెడకు పారదర్శక పైపు బిగించి, దాన్ని నిలువునా 2.5 మీటర్లు పైకి కట్టి నీళ్ళు పోయండి. అదే 3.5 పీఎస్ఐ. అరగంటలో పైపులో నీటిమట్టం దిగకూడదు. గోడ ఉబ్బు నీళ్ళు తీశాక మళ్ళీ చదునుకు రావాలి, రాకపోతే అడ్డరేకు పట్టు చాలలేదు.

మూడోది ధార. మెషిన్ మీద బిగించాక, కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి గిన్నెలో పెట్టి, పంపుతో వచ్చేది కొలవండి. గంటకు 20 లీటర్లు తాగే ఇంజిన్‌కి పంపు దారి దానికి ఒకటింపావు ఇవ్వాలి, అంటే నిమిషానికి 420 మి.లీ. తగ్గకూడదు. ట్యాంకులో రెండు లీటర్లే ఉంచి, ముక్కు 15 డిగ్రీలు దించి ఈ కొలత తీయండి. నిండు ట్యాంకుతో వచ్చిన సంఖ్యకు విలువ లేదు.

గేజి గీతలు కూడా మెషిన్ స్కిడ్ల మీద సమంగా ఉన్నప్పుడు, రెండేసి లీటర్లు పోస్తూ మీరే గీసుకోండి. 4 లీటర్ల దగ్గర వెలిగే దీపం ఒకటి పెట్టండి, దానికి 12 నిమిషాలు.

ఆగిపోతే ఎక్కడ వెతకాలి

గ్రౌండ్ రన్‌లోనే ఈ లక్షణాలు బయటపడాలి. పదిహేను ఇరవై నిమిషాలు బాగా నడిచి, మెల్లగా బలం తగ్గి ఆగి, మూత తీస్తే 'స్స్' మని గాలి పీల్చి మళ్ళీ స్టార్ట్ అయితే గాలి గొట్టం మూసుకుంది. వేడిగా ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు నడిచి ఆగితే, పైపులో పెట్రోల్ ఆవిరి కట్టింది. పైపును వేడికి దూరం జరపండి, వెండి రంగు తొడుగు వేయండి, పీల్చే వైపు పైపును పొట్టి చేయండి. తక్కువ వేగంలో బాగుండి పూర్తి థ్రాటిల్‌లో మాత్రం ఊపిరాడనట్టుంటే పంపు పొర లేదా ఫిల్టర్.

విమానం అయితే ఇంజిన్ ఆగినా తేలుతుంది. తేలిక రెక్కల చిన్న రోటర్ వేగం సెకనులోపే పడిపోతుంది, ఆ లోపు కలెక్టివ్ (రెక్కలన్నిటి కోణాన్ని ఒకేసారి మార్చే కర్ర) దించకపోతే తిరిగి రాదు. పది మీటర్ల నుంచి వంద మీటర్ల మధ్య తక్కువ వేగంలో ఉంటే దించినా చోటు చాలకపోవచ్చు. అందుకే ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా ప్రతి జాయింటునూ నేల మీద కనీసం పది గంటలు నడిపి చూడకుండా స్కిడ్లు లేపవద్దని గట్టిగా చెప్తున్నాను. మొదటి గంట, అయిదో గంట, పదో గంట దగ్గర పట్టీలు తీసి అతుకులన్నీ పగుళ్ళ డై స్ప్రేతో చూడండి. పగులు దొరికితే ఆ ట్యాంకును అతికించకండి. పెట్రోల్ ఒక్కసారి పట్టిన ట్యాంకును వెల్డర్ దగ్గరికి తీసుకెళ్ళడం అంటే బాంబు ఇవ్వడమే, కడిగినా అతుకుల సందుల్లో ఆవిరి మిగులుతుంది. కొత్తది చేయించండి, రేకు ఖరీదు అంత కాదు.

ఇంకొకటి. ఇంట్లో కట్టిన హెలికాప్టర్‌ను డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) అనుమతి లేకుండా ఎగరేయడం నేరం, భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 కింద డిజైన్, తయారీ కూడా వస్తాయి. నేల మీద, గొలుసులు కట్టి పరీక్షలు చేస్తూనే ఆ కాగితాలు మొదలుపెట్టండి. ట్యాంకు కొలతలు, ఒత్తిడి పరీక్ష, ధార పరీక్షల సంఖ్యలు తేదీతో ఒక పుస్తకంలో రాసి ఉంచితే రేపు ఇన్‌స్పెక్షన్‌లో అడిగేవి అవే.

మీ ప్రశ్నలో మాస్ట్ మధ్య నుంచి సీటు వెనక గొట్టం దాకా దూరం, సైలెన్సర్ ఎటు తిరిగిందీ రాయలేదు. ఆ రెండూ, మీ బరువూ రాయండి. ఒకే ట్యాంకు సరిపోతుందో, రెండు పదులుగా చీల్చాలో కొలతలతో చెప్తాను.